కుటుంబం గురించి యూనివర్సిటీలో చదవడానికి ఏముంటుంది? ఈ పేపర్ చదివినవాళ్లు చెప్పగలరా

తొలకరి:

అందరికీ నమస్కారం. డిగ్రీలో చరిత్ర, సాహిత్యం చదివి ఇప్పుడు సమాజశాస్త్రం ఎంఏలో చేరాను. వచ్చే సెమిస్టర్‌కి ఒక ఐచ్ఛిక పేపర్ ఎంచుకోవాలి. "కుటుంబ జీవితం, సామాజిక మార్పు" అని ఒకటుంది, మనసు దాని మీదే ఉంది. పేరు ఇచ్చేలోపు దీన్ని చదివినవాళ్లని, చెప్పేవాళ్లని అడిగి తెలుసుకుందామని రాస్తున్నాను.

ఇంట్లో ఈ పేపర్ సంగతి చెప్తే మా బాబాయి "కుటుంబం గురించి క్లాసులో కూర్చుని నేర్చుకోవడమేంటి, ఇంట్లో ఉంటే తెలీదా" అన్నారు. నాకు వెంటనే జవాబు తోచలేదు, అప్పటినుంచి అదే మెదులుతోంది. కుటుంబం గురించి అభిప్రాయం లేని మనిషి ఉండరు కదా. ఒకప్పుడు అందరూ కలిసి ఉండేవారు, చదువులూ ఉద్యోగాలూ వచ్చాక విడిపోయారు, పెద్దవాళ్లని చూసేవాళ్లు లేకుండా పోయారు, ఈ మూడు మాటలే సెమిస్టర్ పొడుగునా సాగదీసి చెప్తారేమో అని భయం. అంతకుమించి కొత్తగా తెలిసేది నిజంగా ఏమైనా ఉంటుందా?

రెండోది, ఇందులో జనాభా లెక్కలు, రేట్లు, పట్టికలు ఉంటాయని సీనియర్ ఒకరు చెప్పారు. నేను పదో తరగతి తర్వాత లెక్కల జోలికి పోలేదు, అందుకని కాస్త టెన్షన్‌గా ఉంది.

చివర్లో ఒక చిన్న ప్రాజెక్ట్ కూడా చేయాలట, కొన్ని కుటుంబాలతో మాట్లాడి రాయాలి. సొంత ఇంటివాళ్లతో చేయొచ్చా? మా ఇంట్లో పెద్దవాళ్ల మధ్య బయటికి మాట్లాడుకోని విషయాలు చాలానే ఉన్నాయి, వాటిని మార్కుల కోసం కాగితం మీద పెట్టడం నాకు ఇష్టం లేదు. అసలు ఈ చదువు తర్వాత ఏ పనుల్లోకి వెళ్తారో కూడా ఎవరైనా చెప్తే మేలు చేసినవారవుతారు.

పాతదారి:

తొలకరి గారూ, మీ బాబాయి గారు అడిగింది మంచి ప్రశ్నే. ఇంట్లో ఉంటే మన ఇల్లు తెలుస్తుంది. మన ఇల్లు మిగతా ఇళ్లతో పోలిస్తే ఎలాంటిది, రెండు తరాల కిందట ఇలాగే ఉండేదా, మారితే ఎందుకు మారింది అన్నవి ఎంతకాలం ఇంట్లో కూర్చున్నా తెలియవు.

మీరు రాసిన వాక్యాన్నే తీసుకోండి, ఒకప్పుడు కలిసి ఉండేవారు ఇప్పుడు విడిపోయారు అన్నది. దీన్ని చాలాకాలం పండితులు కూడా నమ్మారు. పరిశ్రమలు రావడంతో పెద్ద కుటుంబాలు చీలి చిన్నవైపోయాయని యూరప్‌లో తరతరాలుగా అనుకుంటూ వచ్చారు. 1964లో పీటర్ లాస్లెట్, టోనీ రిగ్లీ కేంబ్రిడ్జ్‌లో ఒక పరిశోధక బృందాన్ని మొదలుపెట్టారు. ఊళ్లలో ఏ ఇంట్లో ఎవరెవరున్నారో రాసిపెట్టిన పాత జాబితాలు దొరికినచోటల్లా సంపాదించి మనుషుల్ని లెక్కపెట్టారు. తేలిందేమిటంటే ఇంగ్లండ్‌లో 16వ శతాబ్దం చివరి నుంచి 20వ శతాబ్దం మొదటిదాకా ఒక ఇంట్లో ఉన్నవాళ్లు సగటున 4.75 మంది, లేదా అంతకి కాస్త తక్కువ. ఫ్యాక్టరీలు రాకముందే అక్కడ ఇళ్లు చిన్నవన్నమాట. చీలిపోయిందని అందరూ బాధపడిన ఆ పెద్ద కుటుంబం అక్కడ చాలామందికి అసలు లేదు.

నాకు ఈ పేపర్ మీద ఇష్టం కుదిరింది మాత్రం దీని తర్వాతి భాగంతో. 1972లో లుట్జ్ బర్క్నర్ అనే చరిత్రకారుడు 18వ శతాబ్దపు ఆస్ట్రియా రైతు ఇళ్ల లెక్కలు తీసుకుని, ఇంటి పెద్ద వయసును బట్టి వాటిని విడదీసి చూశాడు. ఇంటి పెద్ద కుర్రవాడైనప్పుడు తల్లిదండ్రులు ఇంకా బతికే ఉంటారు, వాళ్లూ అదే ఇంట్లో ఉంటారు. కొన్నేళ్లకి వాళ్లు పోతారు, ఇల్లు చిన్నదవుతుంది. మళ్లీ కొడుకు పెళ్లయ్యాక పెద్దదవుతుంది. ఒకే రోజున ఊరంతా తిరిగి లెక్కపెడితే మూడు తరాలున్న ఇళ్లు తక్కువే కనిపిస్తాయి. అయినా ఆ ఊళ్లో పుట్టిన మనిషి జీవితంలో ఏదో ఒక దశలో అలాంటి ఇంట్లో బతికే ఉంటాడు. ఇక అమెరికాలో స్టీవెన్ రగిల్స్ మరో మాట అన్నాడు. పెళ్లిళ్లు ఆలస్యంగా అయి, మనుషులు త్వరగా చనిపోయే కాలంలో తాతలు, నాయనమ్మలు ఎంతమంది మిగులుతారు? మొత్తం ఇళ్లలో ఎన్ని పెద్దవి అని అడిగితే సరైన జవాబు రాదు, బతికున్న ముసలివాళ్లలో ఎంతమంది పిల్లల దగ్గర ఉన్నారు అని అడగాలి. ప్రశ్న మార్చితే అవే కాగితాలు వేరే సంగతి చెప్తాయి. అందులో ఏ ప్రశ్న న్యాయమైనదో తేల్చుకోవడమే ఈ పేపర్‌లో సగం పని అని నా అభిప్రాయం.

మన దేశానికి వస్తే ఎ.ఎం. షా చేసిన పని తప్పకుండా వస్తుంది. గుజరాత్‌లో ఒక గ్రామాన్ని దగ్గరగా చూసి, అదే ఊరికి 1825 నాటి ఇళ్ల లెక్కలు కూడా దొరకడంతో రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివాడు. ఒకే ఇంట్లో ఉండి కలిసి తినేవాళ్లు ఒక సంగతి, బంధుత్వంతో ఒకరికొకరు బాధ్యులైనవాళ్లు వేరే సంగతి, ఈ రెంటినీ కలిపేస్తే ఉమ్మడి కుటుంబం గురించి మనం చెప్పే ప్రతి మాటా తప్పుదారి పడుతుందని 1973లో రాశాడు. దీన్ని గట్టిగా పట్టుకోండి. అన్నదమ్ములు వేరే ఊళ్లలో ఉండి తల్లి వైద్యానికి కలిసి డబ్బు పెట్టొచ్చు, ఒకే ఇంట్లో ఉండి ఏళ్ల తరబడి పలకరించుకోకపోవచ్చు. అమెరికాలో యూజీన్ లిట్వాక్ కూడా 1960లోనే, దూరాలు పెరిగినా బంధువుల మధ్య సాయం తెగిపోవడం లేదని చూపించాడు. ఎవరు ఎవరితో ఉంటున్నారు, డబ్బు ఎటునుంచి ఎటు వెళ్తోంది, నిర్ణయం ఎవరిది అన్న మూడింటినీ విడివిడిగా అడగడం అలవాటు చేసుకుంటే, "విడిపోయారు" అన్న మాట వినగానే ఏ అర్థంలో విడిపోయారు అని అడగాలనిపిస్తుంది.

చరిత్ర చదివినవాళ్లు కాబట్టి మీకు ఇది నచ్చుతుందనే అనుకుంటున్నాను.

లెక్కలబడి:

లెక్కల భయం గురించి నేను చెప్తాను, జనాభాశాస్త్రం పాఠాలు చెప్పేది నేనే కాబట్టి. ఎంఏ స్థాయిలో కావలసింది భాగహారం, శాతాలు, ఒక పట్టికని తొందరపడకుండా చదివే ఓపిక, అంతే. కష్టం వచ్చేది ఎక్కువగా కింద ఏ సంఖ్యతో భాగించారు అన్న దగ్గర.

విడాకుల సంగతి చూడండి. ఒక ఏడాదిలో ఎన్ని పెళ్లిళ్లు జరిగాయో, అదే ఏడాది ఎన్ని విడాకులు మంజూరయ్యాయో తీసుకుని ఒకదాన్ని ఇంకోదానితో భాగించి "ఇంత శాతం పెళ్లిళ్లు నిలబడటం లేదు" అని పేపర్లలో వేస్తుంటారు. ఆ ఏడాది విడిపోయినవాళ్లు ఆ ఏడాది పెళ్లి చేసుకున్నవాళ్లు కారు, వాళ్లలో చాలామంది పెళ్లిళ్లు ఎప్పుడో అయ్యాయి. ఒక ఊహా ఉదాహరణ: 1000 పెళ్లిళ్లు, 200 విడాకులు ఉంటే 20 శాతం. తర్వాతి ఏడాది విడాకులు అవే 200, కానీ పెళ్లిళ్లు 800కి తగ్గితే 25 శాతం అవుతుంది. ఒక్క జంట కూడా అదనంగా విడిపోలేదు, శీర్షిక మాత్రం "విడాకులు పెరిగాయి" అని వస్తుంది. ఒకే ఏడాది పెళ్లయిన జంటలని పది, ఇరవై ఏళ్ల పాటు వెంబడిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

సంతానోత్పత్తి రేటు కూడా ఇంతే. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో 1992-93లో ఒక్కో స్త్రీకి 3.4 మంది పిల్లలుంటే 2019-21 నాటికి 2.0 అయింది. దక్షిణ కొరియాలో 2023లో అది 0.72. తరం తర్వాత తరం జనాభా అలాగే నిలవాలంటే సుమారు 2.1 కావాలి. అయితే ఈ రేటు నిజంగా ఏ ఒక్క స్త్రీ జీవితాన్నీ కొలవదు. ఈ ఏడాది ఏ వయసువాళ్లు ఎంతమందిని కన్నారో ఆ రేట్లే ఒకే స్త్రీ జీవితమంతా కొనసాగితే ఎంతమంది అవుతారు అన్న అంచనా అది. అందరూ పిల్లల్ని కనడం నాలుగైదేళ్లు వాయిదా వేస్తే, చివరికి ఒక్కొక్కరు కనే పిల్లల సంఖ్య తగ్గకపోయినా మధ్యలో ఆ రేటు పడిపోతుంది. జాన్ బోంగార్ట్స్, గ్రిఫిత్ ఫీనీ 1998లో దీన్ని సరిదిద్దే పద్ధతి ఒకటి ప్రతిపాదించారు. కొరియా సంగతి వాయిదాతోనే సర్దుకునేంత చిన్నది కాదు, అయినా ఎంత భాగం వాయిదా, ఎంత భాగం అసలు వద్దనుకోవడం అని విడదీయకుండా మాట్లాడకూడదు.

ఇక నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఇంటిపని. 2019లో దేశవ్యాప్తంగా జరిగిన సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు పెడుతున్నట్టు వచ్చింది. మూడు రెట్లు తేడా అని అందరూ రాశారు. కానీ ఆ రెండు సగటులూ ఆ రోజు ఇంటిపని చేసినవాళ్లవి మాత్రమే. అసలు ఆ పని ముట్టినవాళ్లు స్త్రీలలో 81.2 శాతం, పురుషులలో 26.1 శాతం. చేయనివాళ్లని కూడా కలిపి సగటు కట్టండి, స్త్రీలకి సుమారు 243 నిమిషాలు, పురుషులకి సుమారు 25 నిమిషాలు వస్తుంది. అంటే దాదాపు పది రెట్లు. ఒక గుణకారంతో ఎంత దూరం వెళ్లామో చూడండి. ఇది చేయగలిగితే మీరు ఈ పేపర్ చదవగలరు.

ఇంకొక్కటి. "ఇప్పటి పిల్లలు ఇలా తయారయ్యారు" అని ఎవరైనా అంటే మూడు కారణాలు కలగాపులగంగా ఉంటాయి. వాళ్ల వయసే అంతయి ఉండొచ్చు, కాలం అందరినీ మార్చి ఉండొచ్చు, లేదా ఆ తరం పెరిగిన పరిస్థితులే వేరు కావచ్చు. అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యాన్ని ఎదుర్కొన్న పిల్లల్ని గ్లెన్ ఎల్డర్ పెద్దయ్యేదాకా పరిశీలించినప్పుడు, 1920 ప్రాంతంలో పుట్టి అప్పటికి కాస్త ఎదిగిన పిల్లలు తట్టుకున్నారు, 1928-29లో పుట్టిన చిన్నపిల్లల మీద, ముఖ్యంగా మగపిల్లల మీద దెబ్బ ఎక్కువ పడింది. అదే కష్టం, అదే దేశం, ఎనిమిదేళ్ల తేడాకి ఇంత. ఏ వయసులో ఉండగా మార్పు వచ్చింది అన్నది అంత ముఖ్యం.

తొలకరి:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. ఆ 243, 25 లెక్క నేనే కాగితం మీద వేసి చూసుకున్నాను, వచ్చింది. భయం చాలావరకు పోయింది. ఇంటర్వ్యూల సంగతి కూడా ఎవరైనా చెప్తారా? దాని గురించే ఎక్కువ ఆలోచిస్తున్నాను.

గడపదాటి:

కుటుంబాల మీద ఫీల్డ్‌వర్క్ చేస్తుంటాను, కొత్తవాళ్లకి నేర్పుతుంటాను కూడా. ముందు మీ సొంత ఇంటి ప్రశ్న. నా సలహా వద్దనే. కారణం మీరే రాశారు, బయటికి మాట్లాడుకోని విషయాలున్నాయని. మీరు పేర్లు మార్చి రాసినా మీ గైడ్‌కి, మీ క్లాసుకి అది మీ అమ్మ అని, మీ పెదనాన్న అని తెలిసిపోతుంది. పేరు దాచడం అనే రక్షణ వాళ్లకి దొరకదు. పైగా కూతురో కొడుకో అడిగితే "నాకు చెప్పడం ఇష్టం లేదు" అనడం తల్లికి చాలా కష్టం, జవాబు చెప్పేవాళ్లకి ఎప్పుడైనా వద్దనే హక్కు ఉండాలన్నది ఈ పనిలో మొదటి నియమం. కొన్ని విభాగాల్లో సొంత కుటుంబం మీద రాయమని ప్రోత్సహిస్తారు, దాని వల్ల లోతు వస్తుంది, నిజమే. కానీ అది ఇష్టపడి చేసేవాళ్లకి. మీకు ఇష్టం లేదు కాబట్టి ధైర్యంగా వద్దని చెప్పండి, ఏ మంచి గైడూ బలవంతం చేయరు. చేస్తే విభాగంలో నైతిక నియమాలు చూసేవాళ్లతో మాట్లాడండి.

ఎవరితో మాట్లాడినా భార్యాభర్తల్ని విడివిడిగా కలవండి. జెస్సీ బెర్నార్డ్ 1972లోనే చెప్పింది, ప్రతి పెళ్లిలోనూ రెండు పెళ్లిళ్లుంటాయి, భర్తది ఒకటి, భార్యది ఒకటి అని. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి "ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు" అంటే "ఇద్దరం కలిసే" అంటారు. అది అబద్ధమని నేననను, ఆ ఇంటి మర్యాద అది. విడిగా కూర్చుని, పోయినసారి ఇంట్లో పెద్ద వస్తువు ఏదైనా కొన్నప్పుడు మొదట ఎవరు మాట ఎత్తారు, వద్దన్నది ఎవరు, డబ్బు ఎవరి ఖాతాలోంచి వెళ్లింది అని అడగండి. అప్పుడు వేరే ఇల్లు కనిపిస్తుంది.

అభిప్రాయాలు తక్కువ అడిగి, జరిగినవి ఎక్కువ అడగమని నేను అందరికీ చెప్పే మాట. "మగవాళ్లు ఇంటిపని చేయాలా" అంటే ఈ రోజుల్లో అందరూ చేయాలనే అంటారు. "నిన్న రాత్రి పిల్లవాడు లేచి ఏడిస్తే ఎవరు లేచారు, అంతకుముందు రాత్రో" అంటే జరిగింది చెప్తారు. "సాయం చేస్తాను" అన్న మాట వినబడగానే ఆగండి. సాయం అంటే అసలు పని ఎవరిదో అప్పటికే తేలిపోయిందన్నమాట. టీకా తేదీ ఎవరికి గుర్తుంటుంది, స్కూల్ నుంచి ఫోన్ ఎవరికి వస్తుంది, అత్తగారి మందులు అయిపోతున్నాయని ఎవరు గమనిస్తారు, ఈ గుర్తుపెట్టుకునే పని ఏ సమయ సర్వేలోనూ సరిగ్గా పడదు, అడిగితే తప్ప దొరకదు. అమెరికాలో ఆర్లీ హోక్‌షీల్డ్ 1980లలో ఉద్యోగాలు చేసే జంటల ఇళ్లలో కూర్చుని చూసింది ఇలాంటివే. స్త్రీల జీవితం మారినంత వేగంగా ఆఫీసులూ మారలేదు, భర్తలూ మారలేదు అని ఆమె తేల్చిన సంగతి నేను మాట్లాడిన చాలా ఇళ్లకి ఇప్పటికీ వర్తిస్తుంది.

పాత సంగతులు అడిగేటప్పుడు ఏడాది గుర్తుండదు. ఒక కాగితం మీద గీత గీసి పెళ్లి, మొదటి బిడ్డ, ఇల్లు మారడం, ఉద్యోగం పోవడం, ఎవరైనా చనిపోవడం ఇలా గుర్తులు పెట్టి వాటి చుట్టూ మిగతావి అడగండి. మనిషి అదే వరసలో గుర్తు చేసుకుంటుంది, మీకూ రాయడం తేలిక. సాయం గురించైతే ఒక వారంలో ఎవరు ఎవరికి ఏమిచ్చారు, ఎవరి పిల్లల్ని ఎవరు చూశారు అని పటం గీయండి. కరోల్ స్టాక్ 1974లో అమెరికాలోని ఒక పేద నల్లజాతి వాడ గురించి రాసినప్పుడు, బయటివాళ్లు "చెదిరిపోయిన కుటుంబాలు" అని జాలిపడిన చోట, డబ్బు, బట్టలు, పిల్లల పెంపకం ఇళ్ల మధ్య ఎంత పకడ్బందీగా తిరుగుతున్నాయో చూపించింది. ఇంటి తలుపు దగ్గరే లెక్క ఆపేసి ఉంటే అది కనిపించేది కాదు.

ఎవరైనా ఏడిస్తే రికార్డర్ ఆపేయండి. హింస గురించి చెప్తే ఏం చేయాలో, ఎవరి దగ్గరికి పంపాలో వెళ్లే ముందే మీ గైడ్‌తో మాట్లాడి పెట్టుకోండి. ఆ క్షణంలో ఆలోచిద్దాంలే అనుకోవద్దు.

నీలిమబ్బు:

పై మాటలన్నీ ఒప్పుకుంటాను కానీ ఒక హెచ్చరిక. ఈ పేపర్ చాలాచోట్ల ఒక గీత మీద నడుస్తుంది, సంప్రదాయ కుటుంబం నుంచి ఆధునిక కుటుంబానికి అని. జార్జ్ మర్డాక్ 1949లో 250 సమాజాల సమాచారం తీసి, తల్లి తండ్రి పిల్లలు అనే చిన్న కుటుంబం అన్ని చోట్లా ఉందన్నాడు. భర్త భార్యతో కలిసి కాపురమే ఉండని కేరళ నాయర్ల పాత పద్ధతిని క్యాథ్లీన్ గఫ్ 1959లో వివరించి, మరి దీన్ని ఏమంటారు అని అడిగింది. విలియం గూడ్ 1963లో పరిశ్రమలు పెరిగేకొద్దీ అన్ని దేశాల్లోనూ కుటుంబం భార్యాభర్తల చుట్టూ తిరిగే రూపానికి దగ్గరవుతుందన్నాడు. కొంత జరిగింది, పిల్లల ఇష్టానికి విలువ పెరిగింది, పెళ్లి వయసు పెరిగింది. కానీ పాశ్చాత్య దేశాల్లో పెళ్లి లేకుండా కలిసి ఉండటం, పెళ్లి బయట పిల్లలు పుట్టడం అంతగా పెరుగుతుందని ఆయన ఊహించలేదు. అది చూసి లెస్తాఘే, వాన్ డి కా 1986లో రెండో జనాభా పరివర్తన అనే సిద్ధాంతం తెచ్చారు, సొంత ఎదుగుదలకి విలువ ఇచ్చే మనస్తత్వం పెరగడం వల్ల ఇదంతా అని. నాకది సగమే నచ్చుతుంది. ఇంటి అద్దె కట్టలేక, స్థిరమైన ఉద్యోగం దొరకక పెళ్లి వాయిదా వేసేవాళ్ల జీవితాన్ని కూడా మనస్తత్వం ఖాతాలో వేసేస్తారు.

ఏ సిద్ధాంతం చదివినా ఇది ఎవరిని వదిలేసింది అని చూడండి. పెళ్లి కానివాళ్లు, పిల్లలు లేనివాళ్లు, వేరే దేశంలో ఎవరి పిల్లల్నో పెంచుతూ తన పిల్లల్ని తల్లి దగ్గర వదిలొచ్చిన ఆయాలు, ఇంట్లో పనిచేస్తూ ఆ ఇంటి లెక్కలోకి రానివాళ్లు. పాఠ్యపుస్తకంలో చివరి అధ్యాయానికి నెట్టేసేది వీళ్లనే.

పాతదారి:

నీలిమబ్బు గారు చెప్పింది సరైనదే, ఒకే ఒక్క చోట విభేదిస్తాను. గూడ్‌ని చాలామంది చదవకుండానే కొట్టేస్తారు. కుటుంబం పరిశ్రమల వెనకాల ఈడ్చుకుపోయే వస్తువు కాదని, చాలాచోట్ల కుటుంబ భావనలే ముందు మారి ఆర్థిక మార్పుకి దారి తీసి ఉండొచ్చని ఆయనే అన్నాడు. తొలకరి గారూ, విమర్శ రాసే ముందు అసలు పాఠం ఒక్కసారైనా చదవండి, ఈ పేపర్‌లో మార్కులు తేడా వచ్చేది అక్కడే.

చిన్నగీత:

ఉద్యోగాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను. ఈ పేపర్ ఒక్కటి చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ప్రశ్నపత్రం తయారుచేయడం, ఇంటర్వ్యూ చేసి అక్షరరూపంలో పెట్టి కోడింగ్ చేయడం (అంటే చెప్పిన మాటల్ని అంశాలవారీగా గుర్తులు పెట్టి విడదీయడం), సర్వే డేటాని ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషించడం, ఈ మూడింట్లో రెండైనా చేతికి రావాలి. వస్తే సర్వే సంస్థలు, ఆరోగ్యం, పిల్లల సంక్షేమం, వృద్ధుల సంరక్షణ మీద పనిచేసే సంస్థలు, వినియోగదారుల పరిశోధన, బోధన, ఇవన్నీ ఉంటాయి. ఫ్యామిలీ కౌన్సెలింగ్ మాత్రం వేరే శిక్షణ, ఈ ఎంఏతో నేరుగా చేయకూడదు. జీతాలు మొదట్లో తక్కువే, ప్రాజెక్ట్ అయిపోగానే కాంట్రాక్టు కూడా అయిపోతుంటుంది. తెలిసే రావడం మంచిది.

తొలకరి:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ పేపర్‌కే పేరు ఇచ్చేశాను. మా బాబాయికి కూడా ఆ 4.75 సంగతి చెప్పాను. "అయితే మన దగ్గర ఎంతట" అని తిరిగి అడిగారు, అది వెతకడమే ఇప్పుడు నా పని.

ప్రాజెక్ట్‌కి ఒక ఆలోచన ఉంది. పెద్దవయసు తల్లిదండ్రుల సంరక్షణ, అందులో వచ్చిన మార్పులు. బాగుంటుందా? సొంత ఇంటివాళ్లని తీసుకోను, మా క్లాస్‌మేట్స్ ఇళ్లవాళ్లని కూడా వద్దనుకున్నాను.

గడపదాటి:

సంరక్షణ అంటే మరీ పెద్దది, ఒక సెమిస్టర్‌లో తేలదు. ఒక్క పనికి కుదించండి. ఉదాహరణకి, తల్లినో తండ్రినో ఆస్పత్రికి తీసుకెళ్లడం. గత ఆరు నెలల్లో ఎవరు తీసుకెళ్లారు, ఎవరు సెలవు పెట్టారు, డబ్బు ఎవరిది, డాక్టర్‌తో మాట్లాడింది ఎవరు, దూరంగా ఉన్న పిల్లలు ఫోన్‌లో ఏం చేశారు. ఆరేడు కుటుంబాలు చాలు, కానీ ప్రతి ఇంట్లో కనీసం ఇద్దరితో విడివిడిగా. వాళ్లలో ఒకరు ఆ ముసలి మనిషే కావాలి. ఆ ఒక్కరినీ వదిలేసి మిగతా అందరితో మాట్లాడి రాసిన ప్రాజెక్టులు చాలా చూశాను. మార్పు గురించి కూడా రాయాలంటే ఆ పెద్దావిడనే అడగండి, తన అత్తమామల్ని ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లేవారని. అప్పుడు ఒకే ఇంట్లో రెండు తరాలు మీకు దొరుకుతాయి. జ్ఞాపకం మీద ఆధారపడిన పోలిక అని పద్ధతుల భాగంలో స్పష్టంగా రాయండి, సరిపోతుంది.

తొలకరి:

ఆస్పత్రి ఆలోచన చాలా నచ్చింది అండి. సోమవారం గైడ్‌ని కలుస్తున్నాను, సమ్మతి పత్రం తెలుగులో రాసుకుని వెళ్తాను. ఒక సందేహం, పెద్దవాళ్లకి వినపడటం సరిగ్గా లేకపోతే పక్కన ఇంకొకరు ఉండక తప్పదు కదా, అప్పుడు విడిగా మాట్లాడటం ఎలా?

గడపదాటి:

పక్కనుండే మనిషి ఎవరో ఆవిడనే ఎంచుకోమనండి. కోడలో కొడుకో కాకుండా పక్కింటి స్నేహితురాలిని పిలిచినవాళ్లు నాకు చాలామంది తారసపడ్డారు. ఎవరిని పిలిచారో, ఎందుకో కూడా రాసుకోండి, అదీ మీ డేటానే.